పెళ్ళి వీడియో ఎవరి ఫోనులో తెరుచుకుంటుంది?



హోసూరులో మీ ఇంట పెళ్ళి జరిగిందనుకోండి. పెళ్ళికొడుకు మేనమామగారు బళ్ళారిలో ఉంటారు. మోకాళ్ళ నొప్పుల వల్ల రాలేకపోయారు. పిన్నిగారు షోలాపూరులో, పెదనాన్నగారి కుటుంబం పర్లాకిమిడిలో, ఒక మేనకోడలు యానాంలో, ఇంకొక మేనకోడలు అమెరికాలో. వీడియో తీసిన అబ్బాయి పెన్‌డ్రైవు తెచ్చి మీ చేతిలో పెట్టాడు. మీరు అందరికీ పంపించారు. మర్నాటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "బొమ్మ వస్తోంది కానీ మాట రావడం లేదు" అని ఒకరు. "మాట వినిపిస్తోంది, బొమ్మ నల్లగా ఉంది" అని మరొకరు. "ఈ ఫైలు తెరవడం కుదరదంటోంది" అని ఇంకొకరు. మేనమామగారైతే, "సగం దిగేసరికి ఈ రోజుకున్న డేటా కాస్తా అయిపోయిందమ్మా, తలంబ్రాలు రేపు చూస్తాను" అన్నారు.

పంపింది ఒకే వీడియో. చేరిన చోట్ల మాత్రం తలొక రకంగా కనిపించింది. దీనికి కారణమేమిటి, ఒకే వీడియోను రకరకాల ఫోన్లకూ టీవీలకూ పంపాలంటే ఏ రూపంలో ఉంచాలి అన్న సంగతిని ఈనాటి ప్రసంగంలో తెలుసుకుందాం. కంప్యూటరు చదువు లేనివారికి కూడా అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ముందుగా ఒక లెక్క. మనం హెచ్.డి. అని పిలిచే బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. హెచ్చిస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. ఒక్కొక్క చుక్క రంగు రాసుకోవడానికి 3 బైట్లు కావాలి. మన దేశపు టీవీ లెక్క ప్రకారం సెకనుకు 25 బొమ్మలు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచాలంటే ఒక్క సెకనుకే 155 ఎంబీ పైగా కావాలి. 700 ఎంబీ పట్టే సీడీలో అయిదు సెకన్ల పెళ్ళి కూడా పట్టదు. మంగళసూత్రం కట్టే ఆ కాసేపటికే సీడీల కట్ట కావాలన్నమాట.

అందుకని వీడియోను కుదించాలి. కుదించడమంటే ఏమిటి? మన ఇళ్ళలో వడియాలు పెట్టి, ఎండబెట్టి, డబ్బాలో పోసి, ఊళ్ళో ఉన్న కూతురికి పంపిస్తాం. అక్కడ ఆ అమ్మాయి నూనెలో వేయించుకుంటుంది. వీడియో ప్రయాణం కూడా అంతే. తీసిన చోట ఎండబెడతారు, ఒక డబ్బాలో పోస్తారు, చూసేచోట ఫోను దాన్ని వేయించి బొమ్మగా మారుస్తుంది. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఎండబెట్టే పద్ధతి ఒకటి, పోసిన డబ్బా ఒకటి. ఎండబెట్టే పద్ధతిని కోడెక్ అంటారు. డబ్బాను కంటెయినర్ అంటారు. మన గందరగోళంలో చాలా భాగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తుంది.

ఫైలు పేరు చివర ఎంపీ4 అనో, ఏవీఐ అనో, ఎంకేవీ అనో, మూవ్ అనో ఉంటుంది. అది డబ్బా పేరు మాత్రమే. లోపల ఏముందో ఆ పేరు చెప్పదు. డబ్బాలో బొమ్మ ఒక పొట్లం, మాట మరొక పొట్లం. రెండు పొట్లాలనూ రెండు వేర్వేరు పద్ధతులలో ఎండబెట్టి ఉండవచ్చు. చూసే ఫోనుకు బొమ్మ పొట్లం విప్పడం తెలిసి మాట పొట్లం విప్పడం తెలియకపోతే, బొమ్మ వస్తుంది, మాట రాదు. తిరగబడితే మాట వస్తుంది, తెర నల్లగా ఉంటుంది. ఫిర్యాదులలో రెండింటికి కారణం తెలిసింది కదా.

కాబట్టి ఫైలు పేరు చివర ఏవీఐ చెరిపి ఎంపీ4 అని రాసినంత మాత్రాన లాభం లేదు. డబ్బా మీద చీటీ మార్చితే లోపలి సరుకు మారదు.

ఇక కుదించే పద్ధతి ఎలా పని చేస్తుందో రెండు మాటల్లో చెప్తాను. బుర్రకథ ఒకటి వీడియో తీశారనుకోండి. కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులు వేస్తాడు, అందెలు మోగిస్తాడు. వెనక కట్టిన తెర మాత్రం గంటసేపు కదలదు. ఆ తెర బొమ్మను సెకనుకు 25 సార్లు రాయడం దండగ. ఒకసారి పూర్తి బొమ్మ రాసి, ఆ తరువాత మారిన భాగాలనే రాసుకుంటూ పోతే చాలు. కంటికి అంతగా తెలియని వివరాలను కూడా వదిలేస్తారు. ఈ వదిలేసినవి తిరిగి రావు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఈ పద్ధతులు కాలం గడిచేకొద్దీ మారుతూ వచ్చాయి. 1993లో వచ్చిన వీసీడీలో ఎంపెగ్-1 పద్ధతి ఉండేది. డీవీడీలో ఎంపెగ్-2. 2003లో హెచ్.264 అనే పద్ధతి ఖాయమైంది. 2013లో దాని తరువాతి తరం హెచ్.265 వచ్చింది. దానినే హెచ్.ఈ.వీ.సీ. అని కూడా అంటారు. హెచ్.264కు కావలసిన చోటులో దాదాపు సగంలోనే అంతే స్పష్టమైన బొమ్మను ఇది దాచగలదు. 2018లో ఏవీ1 అనే ఇంకొక పద్ధతి విడుదలైంది. గూగుల్, మోజిల్లా, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ మొదలైన సంస్థలు 2015లో ఒక కూటమిగా ఏర్పడి దీన్ని తయారు చేశాయి. హెచ్.265 వాడుకోవడానికి చెల్లించవలసిన పేటెంటు రుసుముల చిక్కు లేకుండా అందరూ వాడుకోవాలన్నది వారి ఉద్దేశం.

మరి కొత్తది మంచిదైతే అందరం దానినే వాడవచ్చు కదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే వడియాలను వేయించుకోవడానికి పొయ్యి ఉండాలి. ఫోనులో వీడియోను విప్పడానికి ప్రత్యేకంగా ఒక చిప్పు భాగం ఉంటుంది. ఆ ఫోను తయారైననాటికి తెలిసిన పద్ధతులనే అది విప్పగలదు. తెలియని పద్ధతి వస్తే ఫోనులోని మామూలు లెక్కల యంత్రమే కష్టపడి విప్పాలి. అప్పుడు ఫోను వేడెక్కుతుంది, బ్యాటరీ తరిగిపోతుంది, బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. ఐఫోన్లలో సైతం ఏవీ1 విప్పే చిప్పు 2023లో వచ్చిన 15 ప్రో నుంచే ఉంది. బళ్ళారి మేనమామగారి చేతిలో ఏ సంవత్సరపు ఫోను ఉందో చూసుకోవలసింది అందుకే. పంపేవారి ఫోను ఎంత గొప్పదన్నది లెక్కలోకి రాదు. అందుకునేవారిలో అందరికన్నా పాత ఫోను ఎవరిదో దానిని బట్టి నిర్ణయించుకోవాలి.

ఇక్కడ ఐఫోను ఉన్నవారికి ఒక మనవి. 2017 నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్.265 పద్ధతిలోనే వీడియో తీస్తున్నాయి. ఆ ఫైలును నేరుగా పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇస్తే పాత టీవీలలో, పాత కంప్యూటర్లలో తెరుచుకోకపోవచ్చు. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్ అన్న చోటికి వెళ్ళి, "మోస్ట్ కంపాటిబుల్" అన్నది ఎంచుకుంటే ఫోను హెచ్.264లో తీస్తుంది. ఫైలు పెద్దదవుతుంది, కానీ ఎక్కువమంది చూడగలుగుతారు.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి? ఎవరి దగ్గర ఏముందో తెలియనప్పుడు ఒక జవాబు ఉంది. డబ్బా ఎంపీ4, బొమ్మ హెచ్.264, మాట ఏఏసీ. ఈ మూడూ కలిసిన ఫైలు పాత ఆండ్రాయిడ్ ఫోనులో, ఐఫోనులో, కంప్యూటరులో, ఇంటర్నెట్ బ్రౌజరులో, పెన్‌డ్రైవు పెట్టుకునే టీవీలలో చాలావాటిలో తెరుచుకుంటుంది. ఇరవై ఏళ్ళు దాటిన పద్ధతి కావడమే దీని బలం. ఎంకేవీ డబ్బా మంచిదే, ఎన్ని పొట్లాలైనా పడతాయి. కానీ ఐఫోను దానిని తనంతట తాను తెరవదు, వీఎల్‌సీ వంటి యాప్ వేసుకోవాలి. బంధువులందరి చేతా యాప్ వేయించడం కన్నా ఎంపీ4 పంపడం సులువు.

తరువాతి ప్రశ్న, ఎంత పెద్ద ఫైలు? దీనికి చిన్న సూత్రం ఉంది. వీడియోలో సెకనుకు ఎన్ని బిట్లు ప్రవహిస్తాయో దానిని బిట్ రేటు అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కనుక బిట్ రేటును సెకన్లతో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే ఫైలు ఎంత ఉంటుందో తేలుతుంది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంట వీడియో అంటే 3600 మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 450 ఎంబీ. సెకనుకు 5 మెగాబిట్లయితే 2250 ఎంబీ, అంటే రెండుంపావు జీబీ. ఈ లెక్క కాగితం మీద ఒకసారి వేసి చూసుకుంటే, రోజుకు జీబీయో జీబీన్నరో డేటా ఉన్న మనిషికి మూడు గంటల పెళ్ళి పంపవచ్చో లేదో మీకే తెలిసిపోతుంది.

కాబట్టి ఒకే ఫైలు అందరికీ పంపకుండా, రెండు మూడు ప్రతులు చేసుకోవడం మేలు. రేడియోలో ఒకే కార్యక్రమం మీడియం వేవ్ మీదా, ఎఫ్.ఎం. మీదా రావడం మీరు ఎరుగుదురు. మీడియం వేవ్ దూరం పోతుంది, ఎఫ్.ఎం. స్పష్టంగా వినిపిస్తుంది. అలాగే వీడియోకూ దూరపు ప్రతి ఒకటి, స్పష్టమైన ప్రతి ఒకటి.

మొదటిది టీవీ ప్రతి. 1920 బై 1080, హెచ్.264, సెకనుకు 5 మెగాబిట్లు. పెన్‌డ్రైవులో ఇచ్చేవారికి ఇది. పెన్‌డ్రైవు విషయంలో ఒక చిక్కు ఉంది. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవులో 4 జీబీకి మించిన ఫైలు ఎక్కదు, లోపల ఎంత ఖాళీ ఉన్నా సరే. అలాంటప్పుడు స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ ముక్కలు చేసి ఇవ్వండి. చూసేవారికీ అదే హాయి.

రెండవది ఫోను ప్రతి. 640 బై 360, బొమ్మకు సెకనుకు 600 కిలోబిట్లు, మాటకు 64 కిలోబిట్లు. గంట వీడియో దాదాపు 300 ఎంబీ అవుతుంది. చిన్న తెర మీద మొహాలు బాగానే తెలుస్తాయి.

మూడవది మాట ప్రతి. బొమ్మ అవసరం లేనిచోట, పాటా ప్రసంగమూ అయితే, మాట ఒక్కటే ఎంపీ3గా పంపండి. 64 కిలోబిట్లతో గంట సేపటికి 29 ఎంబీ చాలు. చూపు ఆనని పెద్దవారికి ఇంతకన్నా మంచి కానుక ఉండదు.

ఈ ప్రతులు చేయడానికి డబ్బు పెట్టి ఏదీ కొననవసరం లేదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. వీఎల్‌సీ కూడా ఉచితమే, ప్యారిస్‌లో ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టిన పని నుంచి పుట్టింది. హ్యాండ్‌బ్రేక్‌లో "వెబ్ ఆప్టిమైజ్డ్" అనే చిన్న గడి ఉంటుంది. దానిలో టిక్కు పెట్టండి. ఎంపీ4 ఫైలులో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది. మామూలుగా అది ఫైలు చివర చేరుతుంది. చివరి పేజీ వచ్చేదాకా పుస్తకం మొదలుపెట్టలేనట్టు, చాలాచోట్ల ఫైలు మొత్తం దిగేదాకా వీడియో మొదలు కాదు. ఆ టిక్కు పెడితే విషయసూచిక ముందుకు వస్తుంది. దిగుతూ ఉండగానే చూడవచ్చు.

గంటల తరబడి వీడియో మార్చేముందు ఒక్క నిమిషం ముక్కను మార్చి, అందరిలోకీ పాత ఫోను ఉన్నవారికి పంపి చూడండి. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలు కదా.

యూట్యూబులో పెట్టదలచినవారికి మాత్రం సలహా వేరు. అక్కడికి మీరు కుదించి పంపకండి. మీ దగ్గరున్న వాటిలో మంచి ప్రతినే పంపండి. దాని నుంచి చిన్నవీ పెద్దవీ అనేక ప్రతులు వారే తయారు చేసుకుంటారు. చూసేవారి ఫోనును బట్టి, ఆ క్షణాన లైను ఎంత వేగంగా ఉందో దానిని బట్టి, కొన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా తగిన ప్రతి అందుతుంది. ఊరు దాటి బస్సు కొండదారి పట్టగానే బొమ్మ మసకబారి, మళ్ళీ ఊరు రాగానే తేటపడడం మీరు చూసే ఉంటారు. అది లోపం కాదు, ఆగిపోకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు. లింకు ఉన్నవారు మాత్రమే చూడాలనుకుంటే "అన్‌లిస్టెడ్" అని పెట్టుకోవచ్చు.

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాట దగ్గరికి వద్దాం. వదిలేసిన వివరాలు తిరిగి రావు. ఈ పాఠం నేను నా తప్పు వల్ల నేర్చుకున్నాను. మా అత్తయ్యగారు సంక్రాంతి నెలలో గొబ్బి పాటలు పాడేవారు. మా వైపు తెలుగులో, మా వైపు మాటలతో. 2019లో ఒక సాయంత్రం ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి నా ఫోనుతో అరగంట తీశాను. బంధువులందరికీ ముక్కలుగా సందేశాల యాప్‌లో పంపాను. అందరూ సంతోషించారు. కొన్నాళ్ళకు ఫోనులో చోటు చాలలేదు. అందరి దగ్గరా ఉంది కదా అని అసలు ఫైలు చెరిపేశాను. ఆమె పోయాక సంవత్సరీకం నాడు టీవీలో పెట్టి చూపిద్దామని ఆ ముక్కలు తిరిగి తెప్పించుకున్నాను. పంపేటప్పుడు యాప్ వాటిని కుదించింది. చేతిలోని ఫోనులో బాగానే కనిపించిన మొహం పెద్ద తెర మీద గళ్ళు గళ్ళుగా విడిపోయింది. పాట మిగిలింది. పాడేటప్పుడు ఆమె కళ్ళు ఎలా నవ్వేవో అది మిగలలేదు. తప్పు యాప్‌ది కాదు. కుదించి పంపడం దాని పని. అసలు ప్రతిని దాచడం నా పని, అది నేను చేయలేదు.

అందుకే నాలుగవ ప్రతి ఒకటి చెప్తున్నాను. వరుసలో నాలుగవదైనా, విలువలో అదే మొదటిది. మూల ప్రతి. కెమెరా ఏ రూపంలో ఇచ్చిందో ఆ రూపంలోనే, మార్చకుండా, కుదించకుండా, రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఒక హార్డ్ డిస్కు మీ ఇంట్లో, ఇంకొకటి తమ్ముడి ఇంట్లో. పంపే ప్రతులన్నీ ఎప్పుడూ మూల ప్రతి నుంచే తీయండి. జిరాక్సుకు జిరాక్సు తీస్తూ పోతే అక్షరాలు మాసిపోయినట్టు, కుదించిన దానిని మళ్ళీ కుదిస్తే బొమ్మ మాసిపోతుంది.

ఇంట్లో పాత వీసీడీలు, క్యాసెట్లు ఉన్నవారికీ ఇదే మాట. వీసీడీలో బొమ్మ 352 బై 288 మాత్రమే. దాన్ని పెద్దది చేసి హెచ్.డి. అని పేరు పెట్టినా మొహం తేట కాదు, ఫైలు బరువే పెరుగుతుంది. ఉన్న కొలతలోనే దాచండి. క్యాసెట్టును ఫైలుగా మార్పించినప్పుడు, చిన్న ప్రతితో పాటు వీలైనంత పెద్ద ప్రతి కూడా అడిగి తీసుకోండి. రెండూ చూసి సరిపోల్చేదాకా క్యాసెట్టు పారవేయకండి. ఒకప్పుడు ఇంటర్నెట్ వీడియో అంటే ఫ్లాష్ పద్ధతే. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ దానికి మద్దతు ఆపేసింది. బ్రౌజర్లలో ఇప్పుడు అది నడవదు. అటువంటి ఎఫ్ఎల్‌వీ ఫైళ్ళు మీ దగ్గర ఉంటే వీఎల్‌సీ ఇప్పటికీ తెరుస్తుంది. తెరుచుకుంటూ ఉండగానే ఎంపీ4 ప్రతి ఒకటి చేసి పెట్టుకోండి.

చివరగా మన సరిహద్దు జిల్లాల వారికి ప్రత్యేకమైన సంగతి ఒకటి. మన పిల్లలలో తెలుగు మాట్లాడేవారు ఉన్నారు, తెలుగు చదవలేనివారూ ఉన్నారు. బడిలో నేర్చింది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. అమ్మమ్మ చెప్పిన కథలోని మాట ఒకటి అర్థం కాకపోతే కింద రాసి చూపించవచ్చు. ఎస్ఆర్‌టీ అనే చిన్న ఫైలులో ఏ నిమిషానికి ఏ మాట అన్నది రాసి, వీడియో పేరే దానికీ పెట్టి పక్కన ఉంచితే చాలు. ఒకటి తెలుగు లిపిలో, ఒకటి పిల్లలు చదువుకున్న లిపిలో చేయవచ్చు. దాచేటప్పుడు యూటీఎఫ్-8 అన్న పద్ధతి ఎంచుకోండి, లేకపోతే అక్షరాల బదులు పిచ్చి గీతలు వస్తాయి. పాత టీవీలు కొన్ని మన లిపులు సరిగ్గా చూపవు. వాటి కోసం అక్షరాలను బొమ్మ మీదే అచ్చువేసిన ప్రతి వేరుగా చేసుకోండి.

ఫైలుకు పేరు పెట్టేటప్పుడు తేదీ, ఊరు, మనిషి పేరు రాయండి. కెమెరా ఇచ్చిన అంకెల పేరుతో వదిలేస్తే, పదేళ్ళ తరువాత అరుగు మీద పాడుతున్నది ఎవరో మీ మనుమలకు తెలియదు.

ఇదంతా విన్నాక మీరు ఈ రోజే చేయగలిగింది ఒకటుంది. మీ ఫోనులో ఉన్న వీడియోలలో మళ్ళీ తీయడానికి వీలు లేనిది ఏదో గుర్తు చేసుకోండి. దాని మూల ప్రతి ఎక్కడుందో వెతకండి. దొరికితే రెండవ చోట ఒకటి దాచండి. ఆ తరువాత తీరికగా ఎంపీ4లో బళ్ళారికీ, షోలాపూరుకూ, అమెరికాకూ పంపుకోవచ్చు.